అమ్మమ్మ గారింటి లక్ష్మి పటం "92 శాతం రవివర్మ" అట. దేన్లో 92?

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, తప్పులుంటే సర్దుకోండి.

రాజమండ్రిలో మా అమ్మమ్మ గారి దేవుడి గదిలో ఒక లక్ష్మీదేవి పటం ఉంది. తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మి, పక్కన ఏనుగు. రెండడుగుల పైచిలుకు ఎత్తు, టేకు ఫ్రేము. చీర అంచు పొడుగునా నిజం జరీ, తళుకులు కుట్టి ఉంటాయి. "రవివర్మ స్వయంగా వేసిన బొమ్మ" అని మా ముత్తాత అనేవారట. ఆయన అన్నారని అమ్మమ్మ, అమ్మమ్మ అందని మేము.

దసరాకి డల్లాస్ నుంచి వచ్చిన చిన్న మావయ్య ఫోన్‌తో ఫోటో తీసి, బొమ్మ అసలుదో నకిలీదో కృత్రిమ మేధతో తేల్చిపెడతామనే ఒక సైటుకి పంపాడు. పాతిక డాలర్లు పుచ్చుకుని రెండు పేజీల పీడీఎఫ్ ఇచ్చారు. పనికొచ్చే ముక్క అందులో ఒకటే: "రవివర్మ: 92 శాతం".

అంతే, ఇంట్లో గాలి మారిపోయింది. పెద్ద మావయ్య ఇన్సూరెన్స్ అంటున్నాడు. చిన్న మావయ్య అమెరికా పట్టుకెళ్లి వేలంలో పెడదామంటున్నాడు. మా అమ్మ రాత్రిళ్లు లేచి తలుపు గొళ్లెం చూసుకుంటోంది. అమ్మమ్మ మాత్రం ఎప్పట్లాగే పొద్దున్నే బొట్టు పెడుతోంది (అద్దం మీదే లెండి).

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ 92 దేన్లో 92?

పిక్సెల్‌పంతులు · ఆదివారం, రాత్రి 10:05

నా ఉద్యోగం దాదాపు ఇదే, కాకపోతే నేను చూసేవి ఎక్స్‌రే ఫిల్ములు. నాకు తెలిసినంతలో చెబుతా.

మోడల్‌కి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు రెండు గుట్టలు పోస్తారు. ఒకటి "రవివర్మవి", రెండోది "కానివి". కొత్త ఫోటో ఇస్తే అది ఏ గుట్టకి ఎంత దగ్గరగా ఉందో లెక్కేసి, రెండూ కలిపి 100 అయ్యేలా సర్ది చెబుతుంది. మీ 92 అదే. "ఇలాంటివి నూరు పరీక్షిస్తే 92 అసలువని తేలాయి" అని దాని అర్థం కాదు. ఆ అర్థం రావాలంటే ఫలితం ముందే తెలిసిన బొమ్మల మీద ఆ అంకెల్ని విడిగా సరిచూసుకోవాలి. ఆ పని చేశారని పీడీఎఫ్‌లో ఎక్కడైనా ఉందా? ఉండదని నా అనుమానం.

అసలు కిటుకు "కానివి" గుట్టలో ఉంటుంది. అందులో మొఘల్ సూక్ష్మచిత్రాలు, తంజావూరు పటాలు, యూరప్ వాళ్ల కొండలూ చెట్లూ పోశారనుకోండి. ఇక చీర కట్టుకుని, బుగ్గ మీద నీడ పడ్డ ఏ దేవత ఎదురైనా రవివర్మే అంటుంది. అక్కడ అది నేర్చుకున్నది రవివర్మ చేతిని కాదు, చీరనీ నీడనీ.

ఇంకోటి. మామూలు మోడళ్లు చాలావరకు ఫోటోని 224 పిక్సెళ్ల చదరానికి కుదించి చూస్తాయి. రెండడుగుల బొమ్మని తపాలా బిళ్లంత చేసి కుంచె పని ఎలా ఉందో చెప్పమన్నట్టు. శ్రద్ధగా చేసేవాళ్లు బొమ్మని పెద్ద సైజులో స్కాన్ చేసి, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ విడిగా చూపిస్తారు. ఫోన్ ఫోటోతో ఆ పని కుదరదు.

ఒక సరదా పరీక్ష: మీ వీధి చివర కిరాణా కొట్లో లక్ష్మీదేవి క్యాలెండరు ఉంటే ఫోటో తీసి అదే సైటుకి పంపి చూడండి.

కిళ్లీకొట్టు · ఆదివారం, రాత్రి 10:11

ఫాలో అవుతున్నా. మా నాయనమ్మ ఇంట్లోనూ అచ్చం ఇదే బొమ్మ ఉంది, జరీతో సహా. అయితే మేమూ కోటీశ్వరులమేనా?

సందేహాల్రావు · సోమవారం, ఉదయం 6:20

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. గుట్టలూ శాతాలూ ఎందుకు బాబూ, చిటికెడు రంగు ఇస్తే ఒక్క పూటలో తేలిపోయే వ్యవహారానికి?

ప్రతి రంగుకీ పుట్టినరోజు ఉంటుంది. కోబాల్ట్ నీలం 1802లో వచ్చింది. ఫ్యాక్టరీలో చేసిన అల్ట్రామెరీన్ 1828లో. టైటానియం తెలుపు బజార్లోకి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం దాటాక. థాలో నీలం 1935. రవివర్మ పోయింది 1906లో. ఆ బొమ్మలో మొదటి పొర నుంచీ టైటానియం ఉందనుకోండి, ఇక పంచాయితీ ఏముంది?

కొన్ని రంగులకి పోయిన రోజు కూడా ఉంటుంది. సీసం, తగరం కలిపి చేసే పసుపు 1750 ప్రాంతంలో చిత్రకారుల చేతుల్లోంచి జారిపోయింది, మళ్లీ 1940ల దాకా దాని ఊసు లేదు. మన దేశంలో బీహారు ముంగేర్ దగ్గర ఆవులకి మామిడాకులు మేపి, వాటి మూత్రం కాచి చేసిన పసుపు యూరప్ అంతా వాడింది. 20వ శతాబ్దం మొదట్లోనే అది బజార్లోంచి పోయింది.

బెల్ట్రాకీ కథ తెలుసు కదా? జర్మనీవాడు. 1914లో కాంపెన్‌డోంక్ అనే చిత్రకారుడు వేసిందని గుర్రాల బొమ్మ ఒకటి తనే వేశాడు. 2006లో కొలోన్ వేలంలో 28 లక్షల 80 వేల యూరోలు పలికింది. నిపుణులంతా ఆహా అన్నారు. రంగు పరీక్షిస్తే టైటానియం తెలుపు దొరికింది. వాడు ట్యూబులో కొన్న జింకు తెలుపులో అది కలిసి ఉందట, లేబుల్ మీద రాయలేదట. 2011లో ఆరేళ్ల జైలు. లేబుల్ నమ్మినందుకు శిక్ష పడిన ఏకైక కెమిస్టు అని మా క్లాసులో చెప్పి నవ్వించేవాణ్ణి.

తైలవర్ణం · సోమవారం, మధ్యాహ్నం 1:48

పాత బొమ్మల్ని బాగుచేయడం నా వృత్తి. మాష్టారి మాటకి ఒక సవరణ, ఒక హెచ్చరిక.

హెచ్చరిక ముందు. గోదారిగట్టు గారూ, దయచేసి ఎవర్నీ చిటికెడు రంగు గీకనివ్వకండి. ఈ రోజుల్లో బొమ్మని ముట్టుకోకుండానే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం ఎదురుగా పెడితే ఏ మూలకాలున్నాయో చెబుతుంది. టైటానియం, కోబాల్ట్, సీసం, పాదరసం అన్నీ పట్టుకుంటుంది. గీకాల్సి వస్తే ఆవగింజలో పదో వంతు చాలు, అదీ చేయి తిరిగినవాళ్లే తీయాలి.

ఇక సవరణ. కెమిస్ట్రీ "కాదు" అని గట్టిగా చెప్పగలదు. "అవును" అని చెప్పలేదు. 1890ల నాటి రంగులే దొరికాయంటే, 1890ల రంగులతో ఎవరో వేశారని అర్థం. రవివర్మ తమ్ముడు రాజరాజవర్మ కూడా ఆయనతో కలిసి బొమ్మలు వేసేవాడు. ఇద్దరూ వాడిన డబ్బాలు ఒకటే కదా, రసాయనం ఎవరి పేరు చెబుతుంది? ఉన్న బొమ్మ మీద తర్వాత ఎవరో మరమ్మతు చేసినా టైటానియం కనబడుతుంది, దాంతో బొమ్మ నకిలీదైపోదు. అందుకే మాష్టారు "మొదటి పొర నుంచీ" అన్నారు, ఆ మాట ముఖ్యం.

ఈ ఆటలో అందరికన్నా ముదురు వాన్ మేగరెన్. హాలండ్ వాడు. 17వ శతాబ్దపు పాత కాన్వాసు కొని, మీద బొమ్మ గీకేసి, సీసం తెలుపు, రాతి నుంచి తీసిన అల్ట్రామెరీన్ వాడి, ఆ కాలపు డచ్ చిత్రకారుడు వెర్మీర్‌లా వేశాడు. నూనె రంగు లోపలిదాకా గట్టిపడాలంటే దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా స్పిరిట్‌లో ముంచిన దూది రుద్దితే రంగు ఊడి వస్తుంది. పాత బొమ్మలకి అప్పట్లో చేసే మొదటి పరీక్ష అదే. దీనికి వాడు బేకలైట్ కలిపాడు, మన పాత కరెంటు స్విచ్‌లు చేసేవారే, అదే. బొమ్మని పొయ్యిలో పెట్టి కాల్చాడు, గుండ్రటి రోలరుకి చుట్టి బీటలు తెప్పించాడు, బీటల్లోకి సిరా పట్టించాడు. 1937లో అలా వేసిన ఎమ్మావు విందు అనే ఏసుక్రీస్తు బొమ్మ చూసి బ్రేడియస్ అంతటి పండితుడు వెర్మీర్ కళాఖండం అని రాశాడు. రోటర్‌డామ్ మ్యూజియం కొనేసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో వాడి "వెర్మీర్" ఒకటి హిట్లర్ అనుచరుడు గోరింగ్ చేతికి చేరింది. 1945లో దేశసంపద శత్రువుకి అమ్మాడని పట్టుకుంటే, తల తెగుతుందని భయపడి "అది నేనే వేశాను" అన్నాడు. నమ్మలేదు! కాపలా పెట్టి ఇంకో బొమ్మ వేయించారు. గోరింగ్ బొమ్మలో కోబాల్ట్ నీలం దొరికింది, వెర్మీర్ పోయిన శతాబ్దం పైన గాని ఆ రంగు లేదు. 1947లో ఏడాది శిక్ష పడింది, అనుభవించకుండానే గుండెపోటుతో పోయాడు.

సందేహాల్రావు · సోమవారం, సాయంత్రం 5:30

సవరణ ఒప్పుకున్నాను. అయితే ఆ ఎమ్మావు విందు అసలుదేనని కొందరు తర్వాత కూడా మొండికేశారు, వాళ్ల నోరు మూయించింది 1968లో సీసం పరీక్ష. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

సీసం ఖనిజంలో రేడియం కొంచెం ఉంటుంది. రేడియం క్షీణిస్తూ పోతే మధ్యలో సీసం-210 పుడుతుంది. ఖనిజాన్ని కరిగించి సీసం తీసినప్పుడు రేడియం చాలావరకు మడ్డితో పోతుంది, సీసం-210 మాత్రం సీసంతోనే వస్తుంది. అమ్మ పోయాక పిల్ల మిగిలినట్టు. దానికి సగం ఆయుష్షు 22 ఏళ్లు, అంటే అన్నేళ్లకి సగం తరిగిపోతుంది. అంటే తాజాగా చేసిన సీసం తెలుపులో సీసం-210 ఎక్కువ, రేడియం తక్కువ. 300 ఏళ్ల నాటి దాంట్లో రెండూ సమంగా సర్దుకుపోయి ఉంటాయి. ఆ బొమ్మలో లెక్క సమంగా లేదు, చాలా తేడా వచ్చింది. 17వ శతాబ్దపు రంగు ససేమిరా కాదు.

ఇప్పుడు కార్బన్ కూడా వచ్చింది. 1950లలో, 60ల మొదట్లో గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత పండిన అవిశె గింజల నూనెలో ఆ ముద్ర ఉంటుంది. 1866 అని తేదీ వేసి ఉన్న ఒక అమెరికా పల్లె బొమ్మని జ్యూరిక్‌లో ఇలాగే పరీక్షించి 2019లో ప్రచురించారు. కాన్వాసు పాతదే, దాని మీద రంగు కలిపిన నూనె మాత్రం బాంబుల తర్వాతిది. 1985లో వేశానని ఆ నకిలీ చేసినవాడు అంతకుముందే ఒప్పుకున్నాడు కూడా. పరీక్షకి పట్టిన రంగు 200 మైక్రోగ్రాముల లోపు.

పెడనఅచ్చు · సోమవారం, రాత్రి 8:02

పెయింటింగుల సంగతి నాకు తెలియదు, మేం కలంకారీ అచ్చు వేసేవాళ్లం. మాకూ ఇదే గొడవ. "ఎరుపు చెట్టుదా, మందుదా?" అని అడగని బేరగాడు లేడు. చిరివేరులో ఉండేదీ అలిజరినే, ఫ్యాక్టరీ డబ్బాలో వచ్చేదీ అలిజరినే. ల్యాబ్‌లో పెడితే పేరు ఒకటే వస్తుంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, వేరుతో అద్దినదాంట్లో అలిజరిన్‌తో పాటు దాని చుట్టాలు నాలుగు రంగులు కూడా పట్టి ఉంటాయి. డబ్బాది ఒంటరిగా, శుభ్రంగా ఉంటుంది. మరీ శుభ్రంగా ఉందంటేనే అనుమానపడాలి.

తైలవర్ణం · సోమవారం, రాత్రి 8:40

పెడనఅచ్చు గారూ, మా వాళ్లు పదేళ్లు చదివి నేర్చుకునే మాట మీరు రెండు ముక్కల్లో చెప్పారు. పాత అల్ట్రామెరీన్‌కీ కొత్తదానికీ తేడా అలాగే చూస్తాం. రాయి నూరినది గరుకుగా, తలో సైజు పలుకులుగా, పక్క రాళ్ల ధూళితో ఉంటుంది. ఫ్యాక్టరీది గుండ్రంగా, సన్నగా, అన్నీ ఒకే కొలత.

కుంచెకారి · సోమవారం, రాత్రి 11:15

డ్రాయింగ్ మాష్టార్ని. బ్రేడియస్ మోసపోయాడని కంటిని తీసిపారేయకండి. న్యూయార్క్‌లో నోడ్లర్ అని 1846 నాటి గ్యాలరీ, పొలాక్, రోత్కో అనే అమెరికా చిత్రకారుల పేరు మీద నకిలీలు అమ్మి 2011లో మూతపడింది. మొత్తం 8 కోట్ల డాలర్ల దాకా వ్యాపారం. అవన్నీ క్వీన్స్‌లో ఒక చైనా చిత్రకారుడు తన గరాజులో వేసినవి. ఒక పొలాక్ బొమ్మ మీద సంతకంలో ఒక అక్షరమే లేదు! "సి" మింగేశాడు. దానికి ఏ ఎక్స్‌రే కావాలి? డబ్బు ఆశ ఉన్నప్పుడు కళ్లుండీ చూడరు, అంతే.

నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఎవరి గీత ఎవరిదో పేరు చూడకుండా చెబుతాను. ఒకడు గీత మొదట్లో నొక్కుతాడు, ఒకమ్మాయి చివర్లో ఎగరేస్తుంది. అది మీ మోడల్ నేర్చుకోగలదా పంతులుగారూ? నిజంగానే అడుగుతున్నా.

పిక్సెల్‌పంతులు · మంగళవారం, ఉదయం 7:35

మంచి ప్రశ్న. జవాబు: కొన్ని షరతుల మీద, నేర్చుకోగలదు.

2021లో అమెరికాలో కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు మీరన్న పనే చేశారు. ఆర్ట్ విద్యార్థులకి ఒకే పువ్వు ఫోటో, ఒకే రకం కుంచెలు, రంగులు ఇచ్చి వేయమన్నారు. తర్వాత రంగుల ఫోటోలు పక్కన పెట్టి, బొమ్మ ఉపరితలం మీద ఎత్తుపల్లాలు మాత్రమే కొలిచారు. గోరంత ముక్కలుగా కోసి మోడల్‌కి ఇస్తే, ఏ ముక్క ఎవరిదో నూటికి 95 దాకా సరిగ్గా చెప్పింది. చెయ్యి రంగు మీద వదిలే గుర్తు ఉందన్నమాట, మీ మాట నిజమే. కాకపోతే అక్కడ ఎవరు ఏది వేశారో సందేహమే లేదు, అన్నీ కొత్తగా వేసినవి, వార్నిష్ లేదు, మరమ్మతులు లేవు.

పాత బొమ్మల దగ్గరికొస్తే చిక్కులు మొదలవుతాయి. 2004లోనే అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు 16వ శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ గీతల్ని గణితంతో విడదీశారు, 8 అసలువి, 5 అనుకరణలు, చక్కగా విడిపోయాయి. కానీ మొత్తం 13 కాగితాలండీ! వెర్మీర్ జీవితకాలం వేసినవి మనకి దొరికినవి ముప్పై అయిదు, ముప్పై ఆరు. నాకు ఊపిరితిత్తుల ఫిల్ములు లక్ష ఇచ్చినా చాలవని ఏడుస్తాను.

పోనీ ఆ ముప్పై అయిదైనా ఖాయమా? వేణువు పట్టుకున్న అమ్మాయి బొమ్మ వెర్మీర్‌ది కాదని 2022లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ప్రకటించింది, బొమ్మ సొంతదారు వాళ్లే. 2023లో అదే బొమ్మని ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం వెర్మీర్‌దిగానే ప్రదర్శించింది. ఇప్పుడు నేను దాన్ని ఏ గుట్టలో వేయాలి? బెర్లిన్‌లో బంగారు శిరస్త్రాణం మనిషి బొమ్మ తరతరాలు రెంబ్రాంట్ పేరు మీద ప్రసిద్ధి, 1980ల మధ్యలో కాదని తేల్చారు. గుట్ట తప్పయితే మోడల్ ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

ఇంకో గొయ్యి ఉంది, నేనూ అందులో పడ్డాను. ఒకసారి నా మోడల్ జబ్బు ఫిల్ముల్ని అద్భుతంగా పడుతోందని సంబరపడ్డాను. తీరా చూస్తే జబ్బువాళ్ల ఫిల్ములన్నీ ఒక యంత్రంలో తీసినవి, బాగున్నవాళ్లవి ఇంకో యంత్రంలో. అది యంత్రాన్ని గుర్తుపడుతోంది! బొమ్మల దగ్గరా ఇదే. అసలు బొమ్మకి మ్యూజియం మంచి కెమెరాతో ఫోటో తీస్తుంది, నకిలీకి ఎవరో ఫోన్‌తో తీస్తారు. ఫోటో స్పష్టత చూసి మోడల్ తీర్పు చెప్పేస్తుంది.

గోదారిగట్టు · మంగళవారం, ఉదయం 9:50

కిరాణా కొట్టు పరీక్ష చేశాను. ఆ సైటులో అంకె ఉచితం, పీడీఎఫ్‌కే డబ్బులు. మా వీధి కొట్లో నూనె కంపెనీ వాళ్లిచ్చిన క్యాలెండరు, కింద తిథులూ నక్షత్రాలతో సహా ఫోటో తీసి పెట్టాను.

94.

చిన్న మావయ్యకి చూపిస్తే "ఆ క్యాలెండరు ఎంతకిస్తాడో అడుగు" అన్నాడు. వెటకారమో నిజమో తెలియలేదు.

మరి ఇంత అయోమయం ఉంటే లండన్ రూబెన్స్ బొమ్మ గురించి 91 శాతం, రాఫేల్ బొమ్మ గురించి 97 శాతం అని పేపర్లలో వచ్చినవేమిటి? అవి పాతిక డాలర్ల సైట్లు కాదుగా.

పిక్సెల్‌పంతులు · మంగళవారం, మధ్యాహ్నం 12:20

94! నవ్వు ఆగట్లేదు. ఫ్రేము కట్టించుకోండి.

అవి గట్టివాళ్లు చేసినవే. రాఫేల్ సంగతి చూడండి, మీ ప్రశ్నకి అదే సరైన ఉదాహరణ. ఇంగ్లండులో డి బ్రేసీ టోండో అని గుండ్రటి మేరీమాత బొమ్మ. 2023లో అక్కడి బ్రాడ్‌ఫర్డ్, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల వాళ్లు అందులో ముఖాన్ని రాఫేల్ సిస్టీన్ మడోన్నా ముఖంతో పోల్చి 97 శాతం పోలిక అన్నారు, బిడ్డ ముఖం 86 శాతం. కాబట్టి రాఫేల్‌దే అయ్యుంటుందన్నారు. అదే ఏడాది స్విట్జర్లాండ్ కంపెనీ ఆర్ట్ రికగ్నిషన్ తన మోడల్‌తో చూసి, 85 శాతం రాఫేల్‌ది కాదు అంది.

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారని కాదు. మొదటివాళ్లు అడిగింది "ఈ ముఖం ఆ ముఖంలా ఉందా" అని. ఉంది. బాగా వేసిన నకలుకీ అంతే పోలిక ఉంటుంది, నకలు అనే మాటకి అర్థమే అది కదా! రెండోవాళ్లు అడిగింది "ఈ పనితనం మా గుట్టలోని రాఫేల్ పనితనంలా ఉందా" అని. పేపరువాడు రెంటికీ ఒకే శీర్షిక పెట్టాడు.

లండన్ నేషనల్ గ్యాలరీ వాళ్ల సామ్సన్, డెలీలా బొమ్మ 1980లో 25 లక్షల పౌండ్లకి కొన్నది. రూబెన్స్‌ది కాదని 2021లో అదే స్విస్ మోడల్ 91.78 శాతం అంది. దశాంశం తర్వాత రెండు అంకెలు చూసి మోసపోకండి, కిరాణా కొట్టువాడు కూడా పైసలతో బిల్లు వేస్తాడు. గ్యాలరీ మాత్రం రూబెన్స్‌దే అంటోంది.

కుంచెకారి · మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఆ బొమ్మ మీద అనుమానం కంప్యూటరు పుట్టించింది కాదు. సామ్సన్ కుడికాలి వేళ్లు బొమ్మ అంచు దగ్గర తెగిపోయి ఉంటాయి. ఆ కాలంలోనే దాన్ని చూసి చెక్కిన ప్రతిలో పాదం పూర్తిగా ఉంది, తలుపు దగ్గర సైనికులు ముగ్గురు. లండన్ బొమ్మలో అయిదుగురు. ఎన్నో ఏళ్లుగా దీని మీదే వాదన. వేళ్లు లెక్కపెట్టడానికి మోడల్ ఎందుకండీ.

తైలవర్ణం · మంగళవారం, మధ్యాహ్నం 2:41

పైగా ఆ చెక్క పలకని ఎప్పుడో బాగా పల్చగా చిత్రిక పట్టి కొత్త బోర్డుకి అంటించేశారు. మా దృష్టిలో బొమ్మ వెనక భాగం సగం సాక్ష్యం. ముద్రలు, చీటీలు, మేకుల తుప్పు, చెక్క వలయాలు. అక్కడ అది పోయింది.

బెల్ట్రాకీ వెనక వైపు కూడా దొరికిపోయాడు. ఫ్లెక్ట్‌హైమ్ అనే పాతకాలపు బొమ్మల వ్యాపారి సేకరణలోది అని వెనక ఒక చీటీ అంటించాడు, ఆ చీటీ నకిలీదని పట్టుకున్నారు.

సందేహాల్రావు · మంగళవారం, సాయంత్రం 4:15

పొలాక్ బొమ్మల్లో గణితం వెతికిన కథ ఎవరూ చెప్పరేం? రిచర్డ్ టేలర్ అనే భౌతికశాస్త్రవేత్త 1999లో, పొలాక్ చిమ్మిన రంగులో ఫ్రాక్టల్ లెక్క ఉందన్నాడు. చిన్న భాగం చూసినా పెద్ద భాగం చూసినా ఒకే తరహా చిక్కుదనం, దాంతో అసలువి పట్టొచ్చని. 2006లో కేథరిన్ జోన్స్-స్మిత్, హర్ష్ మాథుర్ అనే ఇద్దరు ఏం చేశారంటే, కంప్యూటర్లో నక్షత్రాల పిచ్చిగీతలు గీసి అదే పరీక్ష పెట్టారు. పాస్!

అప్పుడే పొలాక్‌వని కొన్ని బొమ్మలు ఒక గోదాములో బయటపడి రచ్చ జరుగుతోంది. 2007లో హార్వర్డ్‌లో నారాయణ్ ఖండేకర్ బృందం వాటిలో మూడింటి రంగులు చూసింది. పొలాక్ 1956లో పోతే, అందులో 1980లలో వచ్చిన ఎరుపు ఉంది. లెక్కల వాళ్ల తగువు రంగులతో తీరింది. నా సబ్జెక్టు గెలిచిందని చెప్పుకోవడానికే ఇదంతా రాశాను, దాపరికం లేదు.

నల్లకోటు · మంగళవారం, రాత్రి 9:30

లాయర్ని. డల్లాస్ మావయ్యగారికి ఒక మాట. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం కింద రవివర్మ బొమ్మలు జాతీయ కళాసంపద. రవీంద్రుడు, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ లాంటివాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ బొమ్మల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు. కాబట్టి ఆయన చేతిలో ఉన్నది అసలు రవివర్మ అయితే పట్టుకెళ్లకూడదు, కాకపోతే పట్టుకెళ్లి ప్రయోజనం లేదు.

కోర్టులో 92 శాతం అనే కాగితం పెడితే జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న "ఇది రాసిందెవరు, వాళ్లని బోనెక్కించండి" అని. మోడల్ బోనెక్కదు. 2011లో కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో రవీంద్రుడివని పెట్టిన 20 బొమ్మలు నకిలీవని పురావస్తు శాఖ వాళ్లు తేల్చారు, హైకోర్టు దాకా పోయింది. అక్కడ మాట చెల్లింది ఆ నిపుణులదే.

తైలవర్ణం · బుధవారం, ఉదయం 8:10

గోదారిగట్టు గారూ, మొదటి రోజే అడగాల్సింది, కథల్లో పడి మర్చిపోయాను. మీ దగ్గర భూతద్దం ఉందా? పదింతలు చూపేది అయితే మేలు. గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర కంటికి తగిలించుకునేది ఉంటుంది.

అద్దం తీసి, అమ్మవారి బుగ్గ మీద, నీడ మొదలయ్యే చోట చూడండి. మూడింట్లో ఒకటి కనబడుతుంది. కుంచె తీసుకుపోయిన రంగు, వెంట్రుకల గాడితో సహా. లేదా చిన్న చిన్న చుక్కలు, చేత్తో పొడిచినట్టు ఎగుడుదిగుడుగా. లేదా వరసకట్టిన చుక్కలు, సైనికుల్లా.

తర్వాత గదిలో దీపం ఆపి, టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయండి. గుడ్డ నేతలాంటి గరుకు కనబడితే, అది చీర మీదా ఆకాశం మీదా ముఖం మీదా ఒకేలా ఉందో లేదో చూడండి. జరీ కుట్టిన చోట దారం లాగొద్దు.

గోదారిగట్టు · గురువారం, రాత్రి 8:55

చూశాను.

మెయిన్ రోడ్డులో వాచీల షాపాయన కంటి అద్దం ఇచ్చాడు, సాయంత్రానికి తెచ్చేయమని మూడుసార్లు చెప్పి. దేవుడి గదిలో పటం దింపి చాప మీద పెట్టాం. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు, పురుడు పోసుకుంటున్నట్టు. వెనక చెక్క పలక, ఎనిమిది తుప్పు మేకులు. రెండు నా చేతిలోనే విరిగాయి.

బుగ్గ మీద చుక్కలు. గులాబీ రంగువి, వాటి మధ్య లేత గోధుమ రంగువి, నీడలోకి వెళ్లేకొద్దీ నీలం చుక్కలు కూడా కలుస్తున్నాయి. వరసల్లో లేవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని చోట్ల ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అద్దం దూరం జరిపితే మళ్లీ బుగ్గ అయిపోతుంది. పెద్ద మావయ్య అయిదు నిమిషాలు చూసి ఏమీ అనకుండా లేచి వెళ్లి మంచినీళ్లు తాగాడు.

టార్చి వేస్తే నేత గరుకు ముఖం మీద, ఏనుగు మీద, నీళ్ల మీద అన్నిచోట్లా ఒకటే. ఇంకా, అడుగున ఫ్రేము కింద దాక్కున్న చోట అంగుళం మేర అచ్చు అక్షరాలున్నాయి. సగం కోసేశారు. "రవివర్మ ప్రెస్" దాకా చదవగలిగాం, తర్వాత "కార్లా" అని ఉన్నట్టుంది.

తైలవర్ణం · గురువారం, రాత్రి 9:20

శుభం. మీది ఓలియోగ్రాఫ్. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సుది, తర్వాత దాన్ని లోనావ్లా దగ్గరికి మార్చారు, ష్లైకర్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడు కొనుక్కుని నడిపాడు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద చేత్తో చుక్కలు పొడిచి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసి, వార్నిష్ పూసి, కాన్వాసులా కనబడాలని నేత గరుకు నొక్కేవారు. చుక్కలు వరసకట్టలేదు కాబట్టి ఇప్పటి ఆఫ్‌సెట్ ప్రింటు కాదు, పాత రాతి అచ్చే. కార్లా పేరు ఉంది కాబట్టి ప్రెస్సు అటు వెళ్లాకది. జరీ ఇంటివాళ్లో షాపువాళ్లో తర్వాత కుట్టినది, అలా చేయించుకోవడం అప్పట్లో ముచ్చట.

నకిలీది కాదు. అసలైన ప్రింటు. మీ ముత్తాతగారు అబద్ధం కూడా చెప్పలేదు, "స్వయంగా" అన్న ఒక్క మాట తప్ప. కుంచె వేసిన రవివర్మని చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నాయి, అదే టార్చి పట్టుకెళ్లకండి, గార్డు ఒప్పుకోడు.

పిక్సెల్‌పంతులు · గురువారం, రాత్రి 9:41

ఆ 92 ఒక రకంగా సరైందే అయింది చూడండి. ఆ ముఖం, ఆ చీర, ఆ నీడ రవివర్మ ఊహించినవే. ఫోన్ ఫోటోలో చుక్కలు కనబడవు, మోడల్‌ని ఎవరూ "ఇది చేతి పనా, అచ్చు పనా" అని అడగనూ లేదు. క్యాలెండరుకి 94 కూడా అందుకే. నేనైతే రెండు గుట్టలూ ఇలా పోస్తాను: రవివర్మ తైలచిత్రాలు ఒకవైపు, అవే బొమ్మల ఓలియోగ్రాఫులు ఇంకోవైపు, అన్నీ ఒకే కెమెరాతో, ఏటవాలు వెలుతురులో తీసినవి. అప్పుడు అది నేర్చుకునేది పనికొస్తుంది. అయినా మీ వాచీల షాపాయన అద్దం ఇంకా చవక.

కిళ్లీకొట్టు · గురువారం, రాత్రి 9:44

మాదీ చూశాం. వరస చుక్కలు. సైనికులే.

గోదారిగట్టు · గురువారం, రాత్రి 10:30

అందరికీ ధన్యవాదాలు. చిన్న మావయ్య టికెట్‌కి అదనపు లగేజీ కొనేసుకున్నాడట, ఆ డబ్బు వెనక్కి రాదట. అమ్మ ఇవాళ గొళ్లెం ఒక్కసారే చూసింది. అమ్మమ్మకి విషయమంతా విడమరిచి చెబితే "సరే, ముందు గోడకి తగిలించు, రేపు శుక్రవారం" అంది.

తగిలించే ముందు ఒక సందేహం. వెనక చెక్క పలకకి ఒక మూల చెద పట్టింది. పలక తీసి ఎండలో పెట్టొచ్చా?

తైలవర్ణం · గురువారం, రాత్రి 10:38

పలకని పెట్టండి. బొమ్మని మాత్రం ఎండ చూపించొద్దు. ఆ పాత పలక మళ్లీ వాడకుండా, ఆమ్లం లేని అట్ట దొరికితే వెనక వేయించండి. అద్దానికీ బొమ్మకీ మధ్య సన్న బద్ద పెట్టించండి, జరీ అద్దానికి తగిలితే తేమకి నల్లబడుతుంది. విరిగిన మేకులు పారేయకుండా ఒక కవర్లో వేసి పెట్టండి.